మట్టిదారి సైకిల్ గ్రూపులోకి రమ్మన్నారు, పోవాలా వద్దా? (హన్మకొండ)

కట్టమీద

అందరికీ నమస్తే. ఉండేది హన్మకొండ, వయసు 39, జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. మా అబ్బాయి ఇంటర్ కోసం హైదరాబాద్ హాస్టల్‌కి పోయినప్పటి నుంచి వాడి గేర్ల సైకిల్ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పాత దుప్పటి కప్పుకొని పడి ఉంది. దసరా సెలవుల్లో దుమ్ము దులిపి, గాలి కొట్టించి, పొద్దున్నే వడ్డేపల్లి చెరువు దాకా పోయి రావడం మొదలుపెట్టాను. హైస్కూల్ రోజుల్లో మా ఊరి నుంచి బడికి చెరువు కట్ట మీద ఆరు కిలోమీటర్లు రోజూ తొక్కేదాన్ని, వెనక క్యారియర్ మీద మా చెల్లె, హ్యాండిల్‌కి సద్ది డబ్బా. సైకిల్ కొత్త కాదు, కానీ మధ్యలో ఇరవై మూడేళ్ల గ్యాప్ ఉంది.

మొన్న ఆదివారం చెరువు దగ్గర టీ కొట్టు ముందు ఆరుగురు కనిపించారు. సైకిళ్లకీ కాళ్లకీ ఎర్రమట్టి. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే "మేము రోడ్డు ఎక్కం మేడం, కాలువ కట్టలు, బండ్ల బాటలు, అంతే. ఫీజు లేదు, గ్రూపుకు పేరు కూడా పెట్టలేదు, వచ్చే ఆదివారం మీరూ రండి" అని నంబర్ తీసుకుని వాట్సాప్‌లో కలిపారు. సంతోషంగా ఇంటికొచ్చి పాత మెసేజీలు, ఫోటోలు చూస్తే గుండె జారిపోయింది. ఒకరు పాకాల పోయొచ్చారట, పోను రాను 104 కిలోమీటర్లు. ఇంకొకరు మోచేతి దాకా కట్టుతో నవ్వుతున్న ఫోటో, కింద అందరూ చప్పట్ల బొమ్మలు.

నేను చెరువు దాకా పోయొచ్చి సోఫాలో గంట పడుకునే మనిషిని. నా వల్ల పదిహేను కిలోమీటర్లే అవుతుందని ముందే చెప్పొచ్చా, చెప్తే "మీరు ఇంకొన్ని రోజులు ప్రాక్టీస్ చేసి రండి మేడం" అంటారా? ఆరుగురిలో ఒక్కామె ఉంది కానీ ఆమె కాళ్లు చూస్తే ఎన్నేళ్లుగా తొక్కుతుందో తెలిసిపోతోంది. ఇంకోటి, నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, అబ్బాయి సైకిల్ సీటు మీద కూర్చుంటే బొటనవేళ్లు మాత్రమే నేలకు తగులుతున్నాయి, ఇది నాకు పెద్దదయినట్టేనా? మా ఆయనేమో "రోడ్డు మీదే తొక్కు, మట్టిలో పడితే లేపేవాళ్లు కూడా ఉండరు" అంటున్నాడు. నాకు రోడ్డు మీదే భయం, ములుగు రోడ్డులో లారీ పక్కనుంచి పోయినప్పుడు హ్యాండిల్ దానంతట అదే వణుకుతుంది.

మొరంబాట

మేడం, నేను కాజీపేట వైపు వేరే బ్యాచ్‌తో ఆరేళ్లుగా తిరుగుతున్నాను, మీరు చెప్పిన బ్యాచ్ కాదు. ముందు ఆ ఫోటోల సంగతి. మా గ్రూపులో కూడా రామప్ప పోయొచ్చిన రోజు నలభై ఫోటోలు పడ్డాయి. మిగతా ఆదివారాలు పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కి ఉప్మా తిని ఇంటికి పోతాం, దానికి ఎవరు ఫోటో తీస్తారు. గ్రూపు పైకి జరిపి చూసినవాళ్లందరికీ మేము రోజూ రామప్ప పోతున్నట్టే కనిపిస్తుంది.

పదిహేను కిలోమీటర్లే అని తప్పకుండా చెప్పండి. చెప్పాక మీరు మూడు సంగతులు అడగాలి: ఎంత దూరం, ఎన్ని గంటలకు ఇంటికి చేరతాం, అందరికంటే వెనక ఎవరుంటారు. మొదటి రెండింటికి ఎవరైనా చెప్తారు. మూడో ప్రశ్నకి "అంటే ఏంటి మేడం" అన్నారనుకోండి, ఆ వారం మానేసి ఇంట్లో పడుకోండి. మా దగ్గర ఒక మనిషి చివరలోనే ఉంటాడు, పంపు, స్పేర్ ట్యూబ్ ఆయన దగ్గరే, అందరికంటే నెమ్మదిగా వచ్చేవాళ్లను ఆయన దాటడు. ముందు పోయేవాళ్లు దారి చీలిన ప్రతిచోటా ఆగుతారు. ఆగుతారంటే, చివరి మనిషి రాగానే "పదండి పదండి" అని పెడల్ మీద కాలు పెట్టడం కాదు. చాలామంది చేసే తప్పు ఇదే. ముందొచ్చినవాళ్లకు పది నిమిషాల రెస్టు దొరుకుతుంది, ఎక్కువ అలసిపోయినవాళ్లకు ఒక్క నిమిషం కూడా దొరకదు. చివరి మనిషి నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, ఒక జోకు వేసేదాకా కదలొద్దు, ఇది మా రూలు.

స్పీడు గురించి టెన్షన్ వద్దు, రోడ్డు మీద గంటకు ఇరవై పోయే మనిషి కూడా మట్టిలో పది, పన్నెండే పోతాడు. మట్టిలో పదిహేను అంటే రోడ్డు మీద పాతిక తొక్కినంత పని, అది కూడా గుర్తుపెట్టుకోండి. మొదటిసారికి హసన్‌పర్తి వైపు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్ట లాంటిది బాగుంటుంది, పైన మొరం, ఎత్తుపల్లాలు తక్కువ. కానీ కాలువలో నీళ్లు వదిలి ఉంటే అంచుకు అస్సలు పోవద్దు. లోపల వాలంతా సిమెంటు లైనింగ్, పాచి పట్టి ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా పట్టు దొరక్క పైకి రాలేరు. సెల్ఫీ కోసం అంచున నిలబడే బ్యాచ్ అయితే ఇంకెప్పుడూ వాళ్లతో పోకండి.

నేల సంగతి కూడా తెలుసుకోవాలి. ఎర్ర చెలక వాన పడ్డ మర్నాడే తొక్కొచ్చు, నీళ్లు ఇంకిపోతాయి. నల్ల రేగడిని మూడు రోజుల దాకా నమ్మొద్దు. టైరుకీ ఫ్రేముకీ మధ్య ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని చక్రం తిరగడమే ఆగిపోతుంది. పరకాల వైపు ఒకసారి పత్తి చేల మధ్య ఇరుక్కుని కిలోమీటరున్నర సైకిల్‌ని భుజాన మోశాను, ఎదురొచ్చిన ముసలాయన "దాన్నెందుకు బిడ్డా తెచ్చుకున్నవ్" అన్నాడు. సమాధానం లేదు. వరి పొలాల పక్కన కేజ్‌వీల్ (దమ్ము చేసే ఇనుప చక్రాల) ట్రాక్టర్ తిరిగిన బాట ఎండితే ఇంకో నరకం, పళ్లు కదులుతాయి.

ఇప్పుడు వానకాలం పంట కోతలు కదా, కట్టల మీద, ఊళ్ల మధ్య బాటల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. దిగి నడిపించుకుంటూ పక్కనుంచి పొండి, గింజ మీద చక్రం ఎక్కొద్దు. మందలు ఎదురొస్తే ఆగండి, బర్రెల వెనక నుంచి పోయేటప్పుడు దూరం నుంచే గంట కొట్టండి. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే ఆ దారులు మనవి కావు, రైతు ఒక్కసారి ముళ్లకంప అడ్డం వేశాడంటే ఇక ఆ బాట ఎవరికీ ఉండదు.

ఒంటరి_డైనమో

నేను వేరేలా చెప్తా, తిట్టుకోకండి. గ్రూపు ఎందుకండీ? చిన్నప్పుడు బడికి పోవడానికి గ్రూపు అడిగారా? ఇలాంటివి రెండు గ్రూపులు చూశాను. మొదట్లో టీ, ముచ్చట్లు. ఆరు నెలలకు జెర్సీ రంగు ఏది అని ఓటింగు. ఏడాదికి ఒకడు లక్ష రూపాయల సైకిల్ కొంటాడు, ఇక మిగతావాళ్ల సైకిళ్లన్నీ వాడి కళ్లకు తుక్కు. తర్వాత ఫోన్ యాప్‌లో ఎవరు ఎంత స్పీడు అని లెక్కలు. పక్కింటి మనిషినో, కాలేజీలో తోటి లెక్చరర్‌నో వెంటేసుకుని మీ ఇష్టమొచ్చినట్టు తిరగండి, అలసిపోతే తంగేడు చెట్టు పక్కన కూర్చోండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

సరే, గ్రూపుతోనే పోతానంటే ఒకటి మాత్రం అడగండి. ధర్మసాగర్ అవతల దేవునూరు ఇనుపరాతి గుట్టల వైపో, పాకాల లోపలికో తీసుకుపోతామంటే అటవీ శాఖ అనుమతి ఉందా అని. పాకాల అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా లోపల తిరగడం నేరం. రోడ్డు మీదుగా చెరువు దాకా పోవడం వేరు, బాట కనిపించింది కదా అని అడవిలోకి దూరడం వేరు. అలాగే ఖిలా వరంగల్ మట్టికోట గోడ మీద సైకిళ్లు ఎక్కించే మొనగాళ్లు కొందరున్నారు. ఏడు వందల ఏళ్లకు పైగా నిలబడ్డ మట్టి అది, చక్రాల గాడి పడితే వాననీళ్లు ఆ గాడి వెంటే కోసుకుంటూ పోతాయి. కింద ఊరి రోడ్డు ఉంది, తోరణాలు చూస్తూ తొక్కండి చాలు.

మొరంబాట

డైనమో అన్నా, కోట విషయంలో మీతో వంద శాతం. కానీ ఒంటరిగా పోయి కాలువ కట్ట మీద చెయిన్ తెగితే? ఈమె ఇంకా పంచర్ కూడా వేసుకోలేదు. నాలుగు నెలలు గ్రూపుతో తిరిగి పని నేర్చుకున్నాక ఒంటరిగా పోవచ్చు. జెర్సీ ఓటింగు మాత్రం నిజమే, మా దగ్గర నీలం గెలిచింది.

రెండోగేరు

అక్కా, నేను మూడేళ్లుగా తొక్కుతున్నా, కాజీపేట. పైన అన్నలు చెప్పనివి చెప్తాను.

ముందు సైకిల్. సీటు మీద కూర్చున్నప్పుడు వేళ్లు మాత్రమే తగలడం తప్పు కాదు, అలాగే ఉండాలి. మనం చిన్నప్పుడు తొక్కిన లేడీస్ సైకిల్ మీద రెండు పాదాలూ ఆనేవి కాబట్టి అదే కరెక్టు అనుకుంటాం. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉందా చూడండి, కాలు బిగుసుకుపోయినా, నడుము పక్కలకు ఊగినా సీటు ఎత్తు ఎక్కువైనట్టు. అసలు పరీక్ష ఇంకోటి: సీటు దిగి అడ్డరాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడండి. రాడ్డుకీ మీకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ లేకపోతే ఆ ఫ్రేము మీకు పెద్దదే, మట్టిలో హఠాత్తుగా ఆగాల్సి వచ్చినప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. ఖాళీ ఉంటే మాత్రం ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడటం అలవాటు చేసుకోండి. పార్కింగ్‌లో ఇరవై సార్లు చేస్తే వచ్చేస్తుంది.

బట్టలు. చున్నీ వద్దు, వెడల్పు కాళ్ల ప్యాంటు వద్దు, చెయిన్‌లో పడితే మనిషిని లాగేస్తుంది. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్ ఒకటి కొని పైన మామూలు ట్రాక్ ప్యాంట్ వేసుకోండి, ఎవరికీ తెలియదు. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రెండు నెలలు కుట్లు ఒరుసుకుని ఏడ్చాను. హెల్మెట్ లేకుండా వద్దు. ఒకసారి గట్టిగా నేలకు కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి, లోపలి థర్మాకోల్ నలిగితే ఇంకోసారి కాపాడదు.

బాత్రూం సంగతి మగవాళ్లు ఎప్పుడూ ప్లాన్‌లో పెట్టరు. బయలుదేరే ముందే "మధ్యలో పెట్రోల్ బంక్ ఎక్కడ ఉంది" అని మామూలుగా అడిగేయండి, సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లను చూశాను, తలనొప్పితో ఇంటికి పోతారు. గంటకు అర లీటరైనా తాగాలి, ఎండ ఎక్కితే ఓఆర్ఎస్ కలుపుకోండి.

కుక్కలు వెంటపడితే స్పీడు పెంచొద్దు. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి, చాలాసార్లు వాటికి విసుగొచ్చి పోతాయి. మీ ఆయనకు లైవ్ లొకేషన్ పెట్టండి, ఫోన్ల మీద ఫోన్లు రాకుండా ఉంటాయి. అన్నిటికంటే ముందు ఆ గ్రూపులో ఉన్న ఆమెకు విడిగా మెసేజ్ పెట్టండి. "మొదటిసారి వస్తున్నా, ఎలా ఉంటారు వీళ్లు" అని. ఆమె ఏం చెప్తుందో దాన్ని బట్టి పోవాలో వద్దో మీకే తెలుస్తుంది. పైలం అక్కా, పోయి రండి.

పల్లేరుకాయ

పేరు చూశారుగా, నా సబ్జెక్టు అదొక్కటే. వరంగల్ చుట్టుపక్కల మట్టిదారి తొక్కేవాళ్లకు ఇద్దరు శత్రువులు, పల్లేరుకాయ, సర్కారు తుమ్మ ముల్లు. పల్లేరుకాయ చిన్నది, ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది, గాలి మెల్లగా పోతుంది. తుమ్మ ముల్లు టైరును దాటి నేరుగా ట్యూబులోకి దిగుతుంది. కట్ట మీద కంప నరికి పడేసిన చోట దిగి సైకిల్ ఎత్తుకుని పొండి, బద్ధకించొద్దు.

మీ సైకిల్ వాల్వ్ ఏదో చూసుకోండి. లావుగా మోటార్‌సైకిల్‌ది లాగా ఉంటే ఏ పంచర్ షాపులోనైనా గాలి పడుతుంది. సన్నగా, కొనకు చిన్న మర ఉన్నది ప్రెస్టా, దానికి ఊళ్లో షాపు పైపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండాలి, లేకపోతే ఎంత పెద్ద షాపు ముందైనా నిలబడి చూడాల్సిందే. షాపువాళ్లు ప్రేమ కొద్దీ రాయిలాగా కొట్టేస్తారు, "చాలు అన్నా" అనండి. టైరు పక్కన ఎంత నుంచి ఎంత దాకా అనేది అచ్చు వేసి ఉంటుంది. రెండంగుళాల టైరుకు, మామూలు బరువుకు మట్టిలో 30, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య సరిపోతుంది, అప్పుడే టైరు నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి మీద ఎక్కినప్పుడు ట్యూబ్ రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

స్పేర్ ట్యూబ్ ఒకటి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లీవర్లు రెండు, చిన్న పంపు. ట్యూబ్ మార్చడం ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ఒకసారి చేసి చూడండి, వెనక చక్రం. ముందుది ఎవరైనా మారుస్తారు.

కట్టమీద

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రాడ్డు పరీక్ష చేశాను, మూడంగుళాల ఖాళీ ఉంది. వాల్వ్ లావుదే. ఆమెకు మెసేజ్ పెట్టాను, "వెనక నేనే ఉంటా, రండి" అని ఒక్క లైన్ జవాబు. పోతున్నాను.

కట్టమీద

పోయొచ్చాను! హసన్‌పర్తి దాకా రోడ్డు వద్దని మా ఆయన కార్లో దింపాడు, సైకిల్ వెనక సీట్లో, ముందు చక్రం నా ఒళ్లో. పొద్దున ఐదున్నరకు బయలుదేరి పోయేసరికి అప్పటికే ముగ్గురు వచ్చి ఉన్నారు. మొత్తం 19 కిలోమీటర్లు తొక్కాను, పదిహేను అని చెప్పి పంతొమ్మిది తొక్కించారు, కానీ పన్నెండు దగ్గరే "ఇక్కడి నుంచి రోడ్డు ఎక్కి వెనక్కి పోవచ్చు, మీ ఇష్టం" అన్నారు, నేనే పోలేదు. చివరలో ఉండేది నిజంగా ఆమే. పోస్టాఫీసులో పని చేస్తుందట, తనకు నలభై దాటాయి. మొరంబాట గారూ, వాళ్లు కూడా చీలిక దగ్గర ఆగారు, నేను రాగానే కదలబోయారు, ఆమె "నీళ్లు తాగనీయండి ముందు" అని ఒక్క కేక వేసింది, మళ్లీ అందరూ దిగారు.

ఒకసారి పడ్డాను. తూము దగ్గర ఇసుక మేట వేసి ఉంటే భయంతో ముందు బ్రేక్ నొక్కేశాను, నెమ్మదిగా పక్కకు ఒరిగిపోయాను, ఎద్దు పడుకున్నట్టు. మోచేయి గీసుకుంది అంతే. ఇసుకలో బ్రేక్ వద్దట, కొంచెం ముందే నెమ్మది చేసుకుని, హ్యాండిల్ బిగపట్టకుండా, తొక్కుతూనే దాటాలట. ఎత్తు వచ్చాక గేరు మారిస్తే చెయిన్ కటకటమంటుంది, ఎత్తుకు ముందే మార్చుకోవాలని కూడా అక్కడే నేర్చుకున్నాను. రెండు చోట్ల వడ్లు, దిగి నడిచాం. కావలి కూర్చున్న పెద్దామె నన్ను మాత్రమే చూసి "నీకేమొచ్చిందే, మోటర్ లేదా ఇంట్ల" అంది.

చేతికి కట్టు ఉన్నాయన కూడా వచ్చాడు. ఏ గుట్ట మీద పడ్డారండీ అని భయపడుతూ అడిగాను. బాత్రూంలో జారాడట.

ఇప్పుడొక డౌటు. ఇంటికొచ్చి టైర్లు కడుగుతుంటే వెనక దానికి నాలుగు పల్లేరుకాయలు గుచ్చుకుని కనిపించాయి, గాలి మాత్రం గట్టిగానే ఉంది. పీకాలా, ఉంచాలా?

పల్లేరుకాయ

దారిలో అయితే పీకొద్దు, ఆ ముల్లే చిల్లుకు బిరడా, గాలి ఆగినంత సేపు ఇంటికి చేరొచ్చు. ఇంటికి వచ్చాక పీకాల్సిందే, లేకపోతే తొక్కేకొద్దీ లోపలికి దిగుతుంది. కానీ ప్యాచ్, పంపు పక్కన పెట్టుకుని పీకండి. ఒక్కోటి పీకి ఉమ్మి రాసి చూడండి, బుడగ వస్తే పెన్నుతో సున్నా చుట్టండి.

కట్టమీద

మీ మెసేజ్ వచ్చేసరికి మూడు పీకేశాను. మూడోది సుయ్‌మంటోంది.

రెండోగేరు

వెనక చక్రమే కదా అక్కా, ఫ్యాన్ కిందికి తెచ్చుకోండి, నేను వీడియో కాల్ చేస్తా.